తెలిసిన మాటలే, తెలియని అర్థం: ఇంగ్లిష్ నుడికారాన్ని పట్టుకోవడం ఎలా?

ఒక విదేశీ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీకి హైదరాబాద్ నుంచి ఫోన్లు తీసుకునే ఉద్యోగంలో నేను చేరి అప్పటికి రెండు వారాలు. రాత్రి షిఫ్టు. అవతల ఒక పెద్దాయన. ‘ఐ హావ్ బీన్ పుట్ త్రూ టు త్రీ పీపుల్ అండ్ కట్ ఆఫ్ ఎవ్రీ టైమ్. ఐయామ్ ఫెడ్ అప్’ అన్నాడు. పుట్ తెలుసు, త్రూ తెలుసు, కట్ తెలుసు, ఆఫ్ తెలుసు. వాక్యం మాత్రం అర్థం కాలేదు. చెవిన పడ్డ ‘కట్ ఆఫ్’ను పట్టుకుని, కనెక్షన్ తీసేయమంటున్నాడని సిస్టమ్‌లో రాసేశాను. పక్క సీటులోని సీనియర్ చూసి ఆపబట్టి సరిపోయింది. లేకపోతే తెల్లారేసరికి ఆ ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయేది. ఆయన చెప్పింది ఇంతే: ‘ఇప్పటికి ముగ్గురికి కలిపారు, ప్రతిసారీ మధ్యలో లైన్ కట్ అయింది, విసిగిపోయాను.’

ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. ఇప్పుడు సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. కష్టమైన పదాలు వాళ్ళను పెద్దగా ఇబ్బంది పెట్టవు, నిఘంటువు చూస్తే తీరిపోతుంది. ఇబ్బంది పెట్టేవి గెట్, పుట్, టేక్, లుక్, టర్న్ లాంటి, రెండో తరగతిలోనే నేర్చుకునే మాటలే. వాటి పక్కన అప్, ఆఫ్, ఔట్ చేరగానే అర్థం మారిపోతుంది. ఇలాంటి జంటలనే ఫ్రేజల్ వర్బ్స్ అంటారు. ‘బ్రేక్ ది ఐస్’ (మొహమాటం పోగొట్టి మాట కలపడం), ‘స్పిల్ ది బీన్స్’ (గుట్టు బయటపెట్టడం) లాంటి నుడికారాలు ఇడియమ్స్.

‘ఇంగ్లిష్ రావాలంటే తెలుగులో ఆలోచించడం మానెయ్యాలి’ అని చాలామంది చెబుతారు. ఈ ఒక్క విషయంలో నేను దానికి ఒప్పుకోను. తెలుగు నుడికారం బాగా వచ్చినవాళ్ళకే ఇంగ్లిష్ నుడికారం త్వరగా పట్టుబడుతుంది. ఎందుకో ఒక్కో మెట్టూ ఎక్కుతూ చూద్దాం.

1. మాటలను విడదీయకండి

తెలుగు నేర్చుకుంటున్న విదేశీయుడికి ఎవరో ‘అడిగితే నీళ్ళు నమిలాడు’ అని చెప్పారనుకోండి. అతను నిఘంటువులో నీళ్ళు వెతుకుతాడు, నమలడం వెతుకుతాడు. రెండూ దొరుకుతాయి, అర్థం దొరకదు. ఒక్క ‘చేయి’తో అతను ఎన్ని అవస్థలు పడతాడో చూడండి. చేయి చేసుకున్నాడంటే కొట్టాడు. చేయిచ్చాడంటే నమ్మించి ముంచాడు. చేతులెత్తేశాడంటే ఇక నా వల్ల కాదన్నాడు. చేయి తడిపాడంటే లంచమిచ్చాడు. చేయి తిరిగిన వంటవాడంటే అనుభవం ఉన్నవాడు. వీటిలో ఏ ఒక్కటీ మనం ముక్కలు చేసి అర్థం చేసుకోలేదు. చిన్నప్పుడు ఎవరో ఏదో సందర్భంలో అంటుంటే విన్నాం, మొత్తంగా మనసులో నిలిచిపోయింది.

ఇంగ్లిష్‌లోనూ అదే చేయాలి. చదువుతున్నప్పుడు రెండు గుర్తులు గమనించండి. మాటలన్నీ తేలికగా ఉండి వాక్యం మాత్రం పొసగకపోతే అక్కడ ఫ్రేజల్ వర్బ్ ఉందని అనుమానించండి. ఆఫీసు మాటల మధ్యలో సంబంధం లేకుండా పిల్లి, ఐసు, మేకు, బీన్స్ వచ్చాయంటే అది ఇడియమ్. అనుమానం రాగానే ఆ ముక్క మొత్తం కింద గీత గీయండి. ఒక్క మాట కింద కాదు. ‘హీ పుట్ ఆఫ్ ది మీటింగ్’లో గీత ‘పుట్ ఆఫ్’ రెండిటి కిందా పడాలి. నిఘంటువులోనూ ఆ రెండూ కలిపే వెతకండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ లెర్నర్స్ నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

2. తోక మాటను పట్టుకోండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది, కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

తెలుగులో ‘తిను’కూ ‘తినేయ్’కీ తేడా ఏమిటి? తినేయ్ అంటే పళ్ళెంలో ఏమీ మిగల్చకుండా పూర్తిచేయమని. తాగేయ్, వాడేయ్, ఊడ్చేయ్, రాసేయ్ అన్నిటిలోనూ ఆ ‘ఏయ్’ పనిని చివరిదాకా తీసుకెళ్తుంది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసేది చాలాచోట్ల ‘అప్’. ‘ఈట్ అప్’ అంటే తినేయ్, ‘డ్రింక్ అప్’ అంటే తాగేయ్, ‘యూజ్ అప్’ అంటే వాడేయ్, ‘క్లీన్ అప్’ అంటే శుభ్రం చేసేయ్. ఇక్కడ పైకి ఎక్కేది ఏమీ లేదు. అప్ అంటే పైన అని మాత్రమే నేర్చుకున్నవాళ్ళకు ఇది ఎప్పటికీ అందదు. తినేయ్‌లోని ‘ఏయ్’ తెలిసినవాళ్ళకు ఒక్క నిమిషంలో అందుతుంది.

అప్‌కి ఇంకో రెండు పోకడలున్నాయి. ఒకటి పెరగడం: ‘స్పీక్ అప్’ గట్టిగా మాట్లాడు, ‘గ్రో అప్’ పెద్దవాడవు. రెండోది ఉన్నట్టుండి కనిపించడం: ‘హీ టర్న్‌డ్ అప్ ఎట్ మిడ్‌నైట్’ అంటే అర్ధరాత్రి ఊడిపడ్డాడు. ‘సమ్‌థింగ్ హాజ్ కమ్ అప్’ అంటే అనుకోని పని తగిలిందని. ఇది ఆఫీసులో రోజూ వినే మాట.

‘ఔట్’ దగ్గర మన ‘బయట’నూ ‘పో’నూ గుర్తుపెట్టుకోండి. నిజం బయటపడింది అంటాం. వాళ్ళూ ‘ది ట్రూత్ కేమ్ ఔట్’ అంటారు. దాగున్నది బయటికి రావడమే ‘ఫైండ్ ఔట్’, ‘ఫిగర్ ఔట్’, ‘పాయింట్ ఔట్’లలో ఉన్నది. ఇక పాలు అయిపోయాయి అన్నప్పుడు ఆ ‘పో’ ఏం చేస్తోంది? ఉన్నది లేకుండా పోయిందని చెబుతోంది. ‘వియ్ రాన్ ఔట్ ఆఫ్ మిల్క్’లో ఔట్ అదే చెబుతుంది. టికెట్లు ‘సోల్డ్ ఔట్’ అంటే అమ్ముడైపోయాయి, చెప్పులు ‘వోర్ ఔట్’ అంటే అరిగిపోయాయి. అమ్ముడైపోవడం, అరిగిపోవడం, అయిపోవడం, మూడిట్లోనూ మన ‘పో’ ఉంది.

‘ఆఫ్’లో ఎక్కువగా ఉన్నది విడిపోవడం, దూరం కావడం. ‘కట్ ఆఫ్’ తెంచడం, ‘గెట్ ఆఫ్’ బస్సో రైలో దిగడం, ‘డ్రాప్ ఆఫ్’ దింపిరావడం. ‘పే ఆఫ్’ అంటే అప్పు మొత్తం తీర్చేసి వదిలించుకోవడం. సాఫ్ట్‌వేర్ ఇళ్ళలో అందరికీ తెలిసిన ‘లే ఆఫ్’ కూడా ఈ కుటుంబానిదే, మనిషిని ఉద్యోగం నుంచి విడదీయడం. ‘పుట్ ఆఫ్’, ‘కాల్ ఆఫ్’ రెండూ కలగాపులగం అవుతుంటాయి, జాగ్రత్త. పుట్ ఆఫ్ అంటే వాయిదా, పని ఉంది కానీ దూరం జరిగింది. కాల్ ఆఫ్ అంటే రద్దు, ఇక లేదు. పెళ్ళి విషయంలో ఈ రెండూ తారుమారైతే ఎంత అనర్థమో ఆలోచించండి.

మిగిలినవి త్వరగా చెప్పుకుందాం. ‘డౌన్’ అంటే తగ్గడం లేదా ఆగిపోవడం: ‘కామ్ డౌన్’ శాంతించు, ‘కట్ డౌన్’ తగ్గించు, ‘బ్రేక్ డౌన్’ బండి ఆగిపోవడం. మాటను కాగితం మీదికి దించడం కూడా డౌనే, ‘రైట్ డౌన్’. ‘ఆన్’లో కొనసాగింపు ఉంది: ‘కేరీ ఆన్’, ‘గో ఆన్’ అంటే ఆపకుండా కానివ్వు. ‘ఓవర్’లో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు చేరడం ఉంది: ‘హ్యాండ్ ఓవర్’ అప్పగించడం, ‘టేక్ ఓవర్’ బాధ్యత అందుకోవడం, ‘గెట్ ఓవర్’ బాధ నుంచి తేరుకోవడం.

అన్నీ ఈ లెక్కకు లొంగవు. ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం, భరించడం. ఇందులో అప్ ఏం చేస్తోందని తవ్వితే ఏమీ దొరకదు. అలాంటివాటిని మొత్తంగా మింగేయడమే. కానీ తోక మాట పట్టుకునే అలవాటు ఉంటే, ఎప్పుడూ వినని జంట ఎదురైనా దిక్కు తెలుస్తుంది. ‘ది పెయింట్ ఈజ్ ఫ్లేకింగ్ ఆఫ్’ అని చదివారనుకోండి. ఫ్లేక్ తెలియకపోయినా, ఆఫ్ చూసి గోడ నుంచి రంగు ఏదో విడిపోతోందని మా విద్యార్థులు చెప్పగలిగారు. నిజమే, పెచ్చులూడుతోంది.

3. ‘ఇట్’ ఎక్కడ పెట్టాలో చూసుకోండి

అర్థం తెలిసినా నోటితో అనేటప్పుడు ఇక్కడ తడబడతాం. ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’ అనొచ్చు, ‘టర్న్ ది ఫ్యాన్ ఆఫ్’ అనొచ్చు. ఫ్యాన్ బదులు ఇట్ వస్తే మాత్రం ఒకటే దారి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనరు. ‘కాల్ ఇట్ ఆఫ్’, ‘పిక్ హిమ్ అప్’, ‘త్రో దెమ్ అవే’ అన్నీ ఇంతే. అలాగని ప్రతి జంటలోనూ ఇట్ మధ్యలోకే రావాలని లేదు. ‘లుక్ ఆఫ్టర్’ అంటే చూసుకోవడం. అది విడిపోదు కాబట్టి ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలి. మూడు మాటలవి చాలావరకు విడిపోవు: ‘పుట్ అప్ విత్ ఇట్’, ‘రన్ ఔట్ ఆఫ్ ఇట్’.

ఏది విడిపోతుందో ఏది విడిపోదో బట్టీ పట్టక్కర్లేదు, నిఘంటువే చెబుతుంది. అందులో సమ్‌థింగ్, సమ్‌బడీ అనే మాటలు ఎక్కడ పెట్టారో చూడండి. కొన్ని పుస్తకాల్లో స్థలం కలిసిరావడానికి ఎస్‌టీహెచ్, ఎస్‌బీ అని పొడి అక్షరాల్లో వేస్తారు. ‘పుట్ సమ్‌థింగ్ ఆఫ్’ అని మధ్యలో ఉంటే విడిపోతుంది. ‘లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ’ అని చివర ఉంటే విడిపోదు. ఈ చిన్న గుర్తు నాకు ఎవరూ చెప్పలేదు, చాలా ఏళ్ళు చూసీ చూడనట్టు దాటేశాను. మీరు ఈ రోజే ఒక నాలుగు మాటలు తీసి చూడండి.

‘లుక్ ఫార్వర్డ్ టు’ గురించి ఒక్క మాట. ఉద్యోగాల మెయిళ్ళలో మనవాళ్ళు ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని రాస్తుంటారు. ‘టు మీటింగ్ యూ’ అని రాయాలి.

మనం రోజూ తెలుగులో కలిపేసే చెకప్, బ్యాకప్, పికప్, లాగిన్, బ్రేకప్ అన్నీ ఈ జాతివే. పేరుగా వాడితే చాలావరకు ఒకే మాటగా కలిపి రాస్తారు, పనిగా వాడితే రెండుగా విడదీస్తారు. డేటాకు ‘బ్యాకప్’ ఉందా అన్నప్పుడు ఒకటి, డేటాను ‘బ్యాక్ అప్’ చేయి అన్నప్పుడు రెండు. పలికేటప్పుడు కూడా పేరులో మొదటి భాగం మీద ఒత్తు పడుతుంది, పనిలో చాలావరకు చివరి మాట మీద పడుతుంది.

4. ఎవరు, దేన్ని అన్నది చూడండి

‘ది అలారమ్ వెంట్ ఆఫ్’ అని క్లాసులో రాసి అర్థం అడిగితే దాదాపు అందరూ అలారం ఆగిపోయిందంటారు. ఫ్యాన్ ఆఫ్, లైట్ ఆఫ్ అని అలవాటైన చెవులు కదా. అసలు అర్థం సరిగ్గా తిరగబడింది: అలారం మోగింది. లైట్లు ‘వెంట్ ఆఫ్’ అంటే ఆరిపోయాయి. బాంబు ‘వెంట్ ఆఫ్’ అంటే పేలింది. బ్రిటన్‌లో పాలు ‘వెంట్ ఆఫ్’ అంటే విరిగాయి. ఒకే జంట, పక్కన వస్తువు మారితే అర్థం మారింది.

అందుకే ‘గో ఆఫ్ అంటే ఏమిటి సార్’ అని అడిగితే నేను జవాబు చెప్పను, ‘ఏది గో ఆఫ్ అయింది?’ అని అడుగుతాను. మన ‘పట్టు’ కూడా అంతే కదా. జ్వరం పట్టింది, దొంగను పట్టారు, బూజు పట్టింది, ఆ డబ్బాలో కిలో బియ్యం పడతాయి. ఏది పట్టిందో తెలియకుండా పట్టడం అంటే ఏమిటో ఎవరు చెప్పగలరు?

‘టేక్ ఆఫ్’తో మీరే ప్రయత్నించండి. విమానమైతే గాల్లోకి లేచింది. చొక్కా అయితే విప్పాడు. శుక్రవారమైతే సెలవు పెట్టాడు. వ్యాపారమైతే ఊపందుకుంది. అలాగే ‘టర్న్ డౌన్’: టీవీ అయితే సౌండ్ తగ్గించడం, ఉద్యోగం ఆఫర్ అయితే వద్దనడం.

5. ఇడియమ్‌కి తెలుగు నుడికారంతో ముడి వేయండి

ఇంగ్లిష్ ఇడియమ్‌కి మాటకు మాట తెలుగు రాసుకుంటే అది రెండు రోజుల్లో చెరిగిపోతుంది. మీ అమ్మమ్మ వాడే మాటతో ముడి వేస్తే నిలుస్తుంది. కొన్ని ఆశ్చర్యపరిచేంత దగ్గరగా ఉంటాయి. ‘ఔట్ ఆఫ్ ది ఫ్రయింగ్ ప్యాన్ ఇంటు ది ఫైర్’ అంటే పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే. ‘బీట్ అరౌండ్ ది బుష్’ అంటే అసలు సంగతికి రాకుండా చుట్టూ తిరగడం. మనం డొంకతిరుగుడు అంటాం, డొంక అన్నా పొదే! ‘యాడ్ ఫ్యూయల్ టు ది ఫైర్’ మన అగ్నికి ఆజ్యం పోయడం. ‘టర్న్ ఎ డెఫ్ ఇయర్’ పెడచెవిన పెట్టడం.

కొన్నిటికి బొమ్మ వేరు, భావం ఒకటి. గుర్రం పారిపోయాక లాయం తలుపు వేయడమని వాళ్ళంటే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మనమంటాం. ‘కాస్ట్ ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్’ అంటే తడిసి మోపెడైంది. ‘అండర్ ది వెదర్’ అంటే ఒంట్లో నలతగా ఉంది. వాతావరణంతో దానికి పని లేదు.

ఒకేలా కనిపించి మోసం చేసేవాటి దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. కాళ్ళు పట్టి లాగడం అంటే మనకు పైకొచ్చేవాణ్ణి కిందికి గుంజడం. ఇంగ్లిష్‌లో ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ అంటే సరదాగా ఆటపట్టించడం, అంతే. ఒక విదేశీ సహోద్యోగి ‘ఐ వాజ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్’ అంటే మనసు కష్టపెట్టుకోకండి. ‘సిట్ ఆన్ ది ఫెన్స్’ గోడ మీద పిల్లి వాటం కాదు. పిల్లి ఎటు లాభమైతే అటు దూకడానికి చూస్తుంది, ఫెన్స్ మీద కూర్చున్నవాడు ఎటూ తేల్చకుండా ఉంటాడు. ‘పుట్ యువర్ ఫుట్ ఇన్ యువర్ మౌత్’ చూడగానే పప్పులో కాలు గుర్తొస్తుంది. కానీ పప్పులో కాలేయడం పొరపాటు పడటం, అది మాత్రం ఎదుటివాళ్ళకు నొప్పి కలిగేలా నోరు జారడం.

మనకు తెలియకుండానే తెలుగైపోయినవి కూడా ఉన్నాయి: మొసలి కన్నీరు, తెల్ల ఏనుగు, బాల్చీ తన్నేయడం. చివరిది ‘కిక్ ది బకెట్’ నుంచి వచ్చింది. రెండు భాషల్లోనూ అది చనువుగా, కాస్త తేలిక చేసి అనే మాట. ఎవరి ఇంట్లోనైనా పెద్దలు పోతే దాని దరిదాపులకు వెళ్ళకండి, ‘పాస్‌డ్ అవే’ అనండి. మన ‘కాలం చేశారు’లోని మర్యాద అందులో ఉంది.

పేపర్లో తరచూ కనిపించే ‘రెడ్ హ్యాండెడ్‌గా పట్టుబడ్డాడు’ స్కాట్లాండ్ పాత చట్టాల నుంచి వచ్చిన మాట. హత్య చేసినవాడు చేతుల మీద రక్తం ఆరకముందే దొరికిపోవడమని అర్థం. మన ఏసీబీ వాళ్ళు లంచం నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసి, పుచ్చుకున్నవాడి చేతులను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచుతారు. ద్రావణం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ గులాబీ నీళ్ళు గుర్తుంటే ఈ ఇడియమ్‌ను మీరు జన్మలో మర్చిపోరు. ఇలా ఒక బొమ్మ దొరికిన ప్రతిదాన్నీ పట్టుకోండి, దొరకనివాటికి కథలు కల్పించుకోకండి. ఇడియమ్‌ల పుట్టుక గురించి ఫోన్లో తిరిగే కథల్లో చాలావాటికి ఆధారం ఉండదు.

6. ఆట ఎవరిదో కనుక్కోండి

బ్రిటిష్ ఇంగ్లిష్‌లోని క్రికెట్ మాటలు మనకు చెప్పకుండానే తెలుస్తాయి. ‘ఆన్ ది బ్యాక్ ఫుట్’ అంటే ఆత్మరక్షణలో పడటం. ‘ఆన్ ఎ స్టికీ వికెట్’ అంటే ఇరకాటంలో ఉండటం. పిచ్‌పై కవర్లు కప్పని రోజుల్లో వానకు తడిసి ఎండకు ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు తిరుగుతుందో బ్యాటర్‌కు అంతు చిక్కేది కాదు.

అమెరికన్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళకు తంటా బేస్‌బాల్‌తో. మేనేజర్ ‘గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్’ అంటే ఉజ్జాయింపు లెక్క చెప్పమని. పైసలతో సహా కట్టి ఇవ్వక్కర్లేదు. ‘లెట్స్ టచ్ బేస్ టుమారో’ అంటే రేపోసారి మాట్లాడుకుందామని. ‘కర్వ్‌బాల్’ వేశారంటే ఊహించని చిక్కు తెచ్చిపెట్టారని. భోజనానికి పిలిస్తే ‘కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?’ అన్నారనుకోండి, ఇప్పుడు కుదరదు, ఇంకోసారి వస్తాననడం. వాన వల్ల బేస్‌బాల్ మ్యాచ్ ఆగిపోతే, మరో రోజు చూడటానికి ఇచ్చే చీటీని రెయిన్ చెక్ అనేవారు.

ఒకే మాట రెండు దేశాల్లో తలకిందులయ్యేది కూడా ఉంది. బ్రిటన్‌లో, మన చట్టసభల్లో ఒక అంశాన్ని ‘టేబుల్’ చేశారంటే చర్చకు ముందుంచారని. అమెరికాలో ‘లెట్స్ టేబుల్ ఇట్’ అంటే ఇప్పటికి పక్కన పెడదామని. మీటింగులో ఈ మాట వినగానే ఎవరు అన్నారో చూడండి.

7. మన ఇంగ్లిష్ ఎక్కడిదాకా చెల్లుతుందో తెలుసుకోండి

భారతీయ ఇంగ్లిష్ తప్పు అని నేను ఎవరికీ చెప్పను. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది కాబట్టి ఇక్కడ అది సరైనదే. దేశం దాటితే మాత్రం కొన్ని మాటలు చెల్లవు. ‘వేర్ ఆర్ యూ పుట్ అప్?’ అని హైదరాబాద్‌లో అడిగితే చిరునామా చెబుతారు, బయట అయోమయపడతారు. బస్సు ‘గెట్ డౌన్’ అవ్వడం మన వాడుక, వాళ్ళకు ‘గెట్ ఆఫ్’. అదే కారైతే ‘గెట్ ఔట్ ఆఫ్’. ‘కోప్ అప్ విత్’లో అప్ అక్కర్లేదు, ‘కోప్ విత్’ చాలు. లైట్ తీసుకో అనడానికి ‘టేక్ ఇట్ లైట్’ అనరు, ‘టేక్ ఇట్ ఈజీ’ అంటారు.

వీటన్నిటిలో ప్రాణం మీదికి తెచ్చేది ‘పాస్ ఔట్’. మనకు అది చదువు పూర్తిచేయడం, బయట స్పృహ తప్పడం. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకు నేను ఆస్పత్రి మాటలు రాసిచ్చేటప్పుడు మొదట ఇదే రాస్తాను. ఎమర్జెన్సీ వార్డులో నర్సు వరసగా అడుగుతుంది: ‘డిడ్ షీ పాస్ ఔట్?’ స్పృహ తప్పిందా? ‘హౌ లాంగ్ బిఫోర్ షీ కేమ్ టు?’ తెలివి రావడానికి ఎంతసేపు పట్టింది? ‘హాజ్ షీ బీన్ త్రోయింగ్ అప్?’ వాంతులవుతున్నాయా? ‘ఈజ్ ది పెయిన్ ఆన్ అండ్ ఆఫ్?’ నొప్పి వచ్చిపోతోందా? మందు ‘వేర్ ఆఫ్’ అయిందంటే దాని ప్రభావం తగ్గిందని, పాత జబ్బు ‘ఫ్లేర్ అప్’ అయిందంటే తిరగబెట్టిందని. ఈ ఆరూ ఒక చీటీ మీద రాసి పాస్‌పోర్టులో పెట్టి పంపండి. టెన్షన్‌లో తెలిసిన మాట కూడా గుర్తురాదు.

8. నోట్‌బుక్ పెట్టండి, రోజుకు రెండే రాయండి

ఐదు వందల ఇడియమ్‌ల పీడీఎఫ్‌లు చాలా తిరుగుతుంటాయి. ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) లాంటి పోటీ పరీక్షల్లో వీటి మీద ప్రశ్నలు వస్తాయి కాబట్టి ఆ పరీక్షలు రాసేవాళ్ళు పాత ప్రశ్నపత్రాలు చూసుకోవడం న్యాయమే. మాట్లాడటానికైతే ఆ జాబితాలు పనికిరావు. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ ప్రతి పుస్తకంలో ఉంటుంది, అక్కడి జనం నోట అరుదు. కుండపోతగా కురుస్తోందనడానికి ‘ఇట్స్ పోరింగ్’ అంటారు.

మీరు విన్నవి, చదివినవి మాత్రమే రాయండి. ఒక్కోదానికి నాలుగు పంక్తులు చాలు. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది:

లుక్ ఇంటు.
విన్నది: ‘వియ్ విల్ లుక్ ఇంటు ఇట్’, బ్యాంకు ఫోన్లో.
మన మాట: ఆరా తీయడం, సంగతేంటో చూడటం. విడిపోదు.
నా వాక్యం: ‘ప్లీజ్ లుక్ ఇంటు మై గ్యాస్ సబ్సిడీ.’

నాలుగో పంక్తి మీ జీవితం నుంచే రావాలి. మీ గ్యాస్, మీ బస్సు, మీ పిల్లాడి ఫీజు. వారం తర్వాత ఆ పేజీ తిప్పి, మూడో పంక్తి చూసి మొదటిది చెప్పడానికి ప్రయత్నించండి. రానివాటి పక్కన చుక్క పెట్టండి.

ప్రతి మాట పక్కన ‘వాడతాను’ అనో ‘అర్థమైతే చాలు’ అనో కూడా రాసుకోండి. ఫ్రేజల్ వర్బ్‌లు ధైర్యంగా వాడొచ్చు, అవి మొరటు మాటలు కావు. కలెక్టరేట్‌కు అర్జీ, కోర్టు కాగితం లాంటివాటిలో మాత్రం పుట్ ఆఫ్ బదులు పోస్ట్‌పోన్, లుక్ ఇంటు బదులు ఇన్వెస్టిగేట్ బాగుంటాయి. ఇడియమ్‌లను మొదట్లో ‘అర్థమైతే చాలు’ వరసలోనే ఉంచండి. ఒకే ఇడియమ్‌ను నలుగురు వేర్వేరు మనుషుల నోట విన్నాక అప్పుడు మీ నోట అనండి.

ఇన్ని చేసినా ఫోన్లో ఎప్పుడో ఒకసారి కొత్తది వస్తుంది. అర్థమైనట్టు ‘ఓకే, ఓకే’ అనకండి. ‘సారీ, వాట్ డూ యూ మీన్ బై దట్?’ అని అడగండి. చెప్పాక, మీకు అర్థమైంది మీ సొంత మాటల్లో తిరిగి చెప్పండి: ‘సో ది కాల్ గాట్ డిస్‌కనెక్టెడ్ త్రీ టైమ్స్, అండ్ యూ వాంట్ వన్ పర్సన్ టు హెల్ప్ యూ. ఈజ్ దట్ రైట్?’ ఆ రాత్రి ఆ పెద్దాయనను నేను అడగాల్సింది ఈ ప్రశ్నే. మర్నాడు సీనియర్ నాతోనే ఆయనకు ఫోన్ చేయించాడు. ఈసారి అడిగాను. ‘యెస్, ఎగ్జాక్ట్లీ’ అన్నాడు, గొంతులో విసుగు లేకుండా.